పెద్దసారు సిఫారసు

ఫార్మసీ కాలేజీలో ఆమెను అందరూ "చేదు" అని పిలిచేవారు. స్వభావాన్ని బట్టి వచ్చిన పేరు కాదది, చేస్తున్న పనిని బట్టి వచ్చింది. మూర్ఛ వచ్చే పసిపిల్లలకు ఇచ్చే ఒక మందు ఉంది. అది నాలుకకు తగిలిందంటే పూటంతా నోరు విషంలా ఉంటుంది. ఆ చేదు తెలియకుండా మందు రవ్వల మీద పలచటి పూత వేయడమే చివరి ఏడాదిలో ఆమె ఎంచుకున్న పరిశోధన. పూత నోట్లో కరగకూడదు, కడుపులోకి వెళ్ళగానే కరిగిపోవాలి. చేసిన ప్రతి నమూనానూ ముందు తన నాలుక మీదే వేసుకొని చూసి, ఉమ్మేసి, నోరు కడుక్కొని మళ్ళీ మెషీను దగ్గరకు వెళ్ళేది. క్యాంటీన్‌లో ఏం తిన్నా మొహం చిట్లించేది. పేరు అలా అతుక్కుంది.

ఆ మందునే ఎందుకు ఎంచుకున్నావంటే ఆమె దగ్గర ఒకటే జవాబు. అన్నయ్య కూతురికి మూర్ఛ ఉండేది. రోజూ మందు వేసే వేళకు ఇంట్లో చిన్న యుద్ధం జరిగేది. అన్నయ్య కాళ్ళు పట్టుకునేవాడు, వదిన ముక్కు మూసేది, అమ్మ చెంచా నోట్లో పెట్టేది. మింగినదానికన్నా కక్కినదే ఎక్కువ. ఒకసారి ఆ పిల్ల ఏడ్చి ఏడ్చి అలసిపోయి, "అత్తా, నువ్వు మందుల చదువే కదా చదివేది, దీన్ని బాగుచెయ్యలేవా?" అని అడిగింది.

బాగుచేసింది. వేడిగాలి అడుగు నుంచి తన్నుతుంటే మందు రవ్వలు గాలిలో ఎగిరెగిరి పడతాయి, పై నుంచి పూత తుంపర పడుతుంది. గాలి వేడెక్కువైతే తుంపర రవ్వకు తగలకముందే ఎండి పొడిగా రాలిపోతుంది. తేమ ఎక్కువైతే రవ్వలన్నీ ముద్దకడతాయి. ఈ రెండింటి మధ్య సన్నటి దారిని ఆమె పట్టుకుంది. ఆఖరి నమూనా నాలుక మీద వేసుకున్న రోజున చేదు వస్తుందని కళ్ళు మూసుకొని ఎదురుచూసింది. రాలేదు. ఇసుక నమిలినట్టుంది, అంతే. లాబులోనే పకపకా నవ్వేసింది.

ఆమెకు గైడు పెద్దసారు. ఆయన ఎవరినీ తిట్టగా విన్నవాళ్ళు లేరు. ఆడపిల్లల్ని "అమ్మా" అనీ, మగపిల్లల్ని "నాన్నా" అనీ పిలిచేవాడు. టీ తాగేటప్పుడు ఎదురుపడితే తన కప్పు పక్కన పెట్టి మరీ పలకరించేవాడు. అందుకే ఆయనను నమ్మనివాళ్ళూ లేరు.

ఆ ఏడాది ఒక పెద్ద మందుల కంపెనీ, చుట్టుపక్కల కాలేజీలన్నిటి నుంచీ ఒక్క విద్యార్థిని తన పరిశోధన కేంద్రంలో శిక్షణకు తీసుకుంటానంది. చేరినవాళ్ళు తమ ప్రాజెక్టును అక్కడి మెషీన్ల మీద ముందుకు తీసుకెళ్ళవచ్చు. పనికొస్తుందని తేలితే కంపెనీయే దాన్ని మందుగా బయటికి తెస్తుంది. కావలసిందల్లా గైడు సిఫారసు.

"నీ సంగతి నేను చూసుకుంటానమ్మా. నీ ఫైలంతా నా దగ్గర పెట్టెయ్, నిశ్చింతగా ఉండు" అన్నాడు పెద్దసారు. ఆమె నిశ్చింతగా ఉంది.

కంపెనీవాళ్ళు వచ్చిన రోజున సెమినార్ హాల్లో వెనక వరసలో కూర్చుని తన పేరు పిలుస్తారని ఎదురుచూస్తోంది. పెద్దసారు మైకు దగ్గరికి వచ్చి తన మేనల్లుడి పేరు పిలిచాడు. అతనూ అదే లాబు. ఏడాదిలో ఎక్కువ రోజులు క్యాంటీన్‌లోనే కనిపించేవాడు. అతను వేదిక ఎక్కి మొదటి స్లైడు వేశాడు. మూర్ఛ మందు, చేదు, పూత. రెండో స్లైడు ఆమె గీసిన బొమ్మ. మూడోది ఆఖరి నమూనా ఫొటో. రవ్వలు ఎంత చిన్నవో తెలియడానికి పక్కన ఒక బొటనవేలు పెట్టి తీసిన ఫొటో అది. గోరు కింద వేడిగాలికి కాలిన మచ్చ తెర మీద అరచేతంత కనిపిస్తోంది.

ఆమె తనకు తెలియకుండానే లేచి నిలబడింది.

"సార్, అది నా బొటనవేలు."

హాలంతా గొల్లున నవ్వింది. పెద్దసారు కూడా నవ్వాడు, వాత్సల్యంగా.

"అవునమ్మా, ఫొటోకి నువ్వే చెయ్యి పెట్టావు కదూ! లాబులో గాజుసామాను కడగడం దగ్గర్నుంచి ఈ అమ్మాయి చాలా సాయం చేసిందండీ. ఇలాంటి పిల్లలు ఉండబట్టే పనులు జరుగుతున్నాయి. కూర్చో అమ్మా, కూర్చో."

పక్కనున్న స్నేహితురాలు చున్నీ పట్టి లాగింది. తల కొట్టేసినట్టయి కూర్చుండిపోయింది.

సాయంత్రం ఆయన గదికి వెళ్ళింది. పెద్దసారు తలుపు వేయలేదు, గొంతు పెంచలేదు.

"వాడు మా చెల్లెలి కొడుకమ్మా. తండ్రి లేని పిల్లాడు. నీకేం, బుర్ర ఉన్నదానివి, ఇలాంటివి ఇంకో పది చేస్తావు. వాడికి నేను తప్ప ఎవరున్నారు చెప్పు?"

"మీరు చేసింది దొంగతనం సార్."

"ఆ మాట బయట అనకు తల్లీ. నీకే ఇబ్బంది. ఎవరికైనా ఫిర్యాదు చెయ్యాలనుకుంటే చెయ్యి, నేను కాదనను. కమిటీలో నేనూ ఉన్నాననుకో." ఆ మాట అంటున్నప్పుడు కూడా ఆయన నవ్వు చెక్కు చెదరలేదు. "టీ తాగుతావా?"

ఇంటికొచ్చి అమ్మకు చెప్పింది. అమ్మ టైలరు. కుడుతున్న చొక్కా కాలరు పూర్తయ్యేదాకా మిషను ఆపకుండానే విన్నది.

"ఏడవాలనుంటే ఏడువు. రేపు పొద్దున్న మాత్రం లేచి పని వెతుక్కో" అంది.

ఏడవలేదు. ఆమెకు కావలసింది ఏడుపు కాదు. ఆ మనిషి మొహం మీద నుంచి ఆ నవ్వు ఊడిపోవాలి. అది ఊడేటప్పుడు తను ఎదురుగా ఉండాలి. ఆ కోరిక ఆ సాయంత్రం ఆమె కడుపులో నిప్పు రాజేసింది.

*

మేనల్లుడు శిక్షణకు వెళ్ళాడు. పూత మెషీను నడపడం చేతకాక, అడిగినప్పుడల్లా నీళ్ళు నమిలి, చివరికి పరిశోధనే వదిలేసి మొహానికి రాసుకునే క్రీములు అమ్మే ఉద్యోగంలో చేరాడు. ఆ ప్రాజెక్టు కంపెనీ అల్మరాలో మూలపడింది. అన్నయ్య కూతురు మాత్రలు మింగే వయసు వచ్చేదాకా ఆ చేదు మందే తాగింది. చెంచా చప్పుడు వినిపించినప్పుడల్లా ఆమె పళ్ళు నూరుకునేది. తన సీటు పోయినందుకు కూడా ఒకనాటికి సర్దిచెప్పుకునేదేమో. ఆ పిల్ల ముక్కు మూసిన ప్రతి పూటా మాత్రం పెద్దసారు ఖాతాలోనే పడింది.

చిన్న కంపెనీలో నాణ్యత పరీక్షల విభాగంలో మొదలుపెట్టి, అక్కడి నుంచి ఇంకో కంపెనీకి, అక్కడి నుంచి ఒకప్పుడు తనకు దక్కని ఆ పరిశోధన కేంద్రానికే ఎదిగింది. పెళ్ళి చేసుకుంది, సరిపడక విడిపోయింది. పని మాత్రం వదల్లేదు. పేరొచ్చింది. కేంద్రంలో విద్యార్థుల శిక్షణ విభాగానికి అధిపతి పదవి ఖాళీ అయినప్పుడు, దానికన్నా పెద్ద కుర్చీ ఇస్తామన్నా వద్దని ఇదే అడిగి తీసుకుంది. పిల్లలకు నేర్పడమంటే ఎంత ఇష్టమో అని అందరూ మెచ్చుకున్నారు. ఆమె ఆ కుర్చీలోకి వచ్చింది నేర్పడానికి కాదు. ఏటా కాలేజీల నుంచి వచ్చే దరఖాస్తులు ఆ బల్ల మీదకే వస్తాయి. అందులో పెద్దసారు లాబు నుంచి కూడా వస్తాయి.

వచ్చాయి. ప్రతి దానికీ ఆయన సిఫారసు ఉంది. "మా లాబుకు ఆభరణం వంటి విద్యార్థి" అని. ఆభరణాలన్నిటినీ పక్కన పెట్టేసింది. మరుసటి ఏడాది కూడా. ఆ తరువాతి ఏడాది కూడా. ఎవరూ కారణం అడగలేదు. పెద్దసారు లాబు పిల్లలకు ఆ కేంద్రంలో సీటు రాదని నెమ్మదిగా పాకిపోయింది. ఒక ఏడాది దరఖాస్తులు పక్కన పెట్టిన రోజున ఇంటికొచ్చి పాట పాడుకుంటూ కాళ్ళు కడుక్కుంది. అమ్మ వింతగా చూసింది.

"ఏమే, ఎవరి కొంప ముంచి వచ్చావు?"

"నవ్వుతూ వస్తే తప్పా అమ్మా?"

"నువ్వు ఇలా నవ్వితే నాకు భయమేస్తుంది."

*

ఆ అమ్మాయి దరఖాస్తు పట్టుకుని కాదు, హెల్మెట్ పట్టుకుని వచ్చింది. ముందుగా చెప్పకుండా వచ్చినవాళ్ళను లోపలికి పంపరు. అందుకని రిసెప్షన్‌లో సోఫా మీద కూర్చుని, "మేడమ్ భోజనానికి బయటికొస్తారుగా, అప్పుడు చూస్తాను" అందట. అన్నట్టే అడ్డం నిలబడింది.

"నాది పెద్దసారు లాబు మేడమ్. మీరు మా దరఖాస్తులు చదవకుండానే తీసేస్తారట కదా. ఎందుకో కనుక్కుని పోదామని వచ్చాను."

ఇంత సూటిగా అడుగుతుందని ఊహించలేదు. "ఎవరు చెప్పారు చదవకుండా తీసేస్తామని?"

"మా అక్కదీ అదే లాబు, కాలేజీ ఫస్టు మేడమ్. మీ కేంద్రంలో తప్ప ఇంకెక్కడా చెయ్యలేని ప్రాజెక్టు అది. రెండుసార్లు పెట్టింది. ఎందుకు వద్దన్నారో ఒక్క ముక్కైనా చెప్పలేదు మీరు. తనకే ఏదో తక్కువనుకుని చదువు మానేసింది. ఇప్పుడు మందుల షాపులో కౌంటర్లో ఉంది. అదే మా ఇంట్లో తెలివైంది. నేను కాదు."

ఆకలి చచ్చిపోయింది. లోపలికి రమ్మని తన గదిలో కూర్చోబెట్టింది.

"మీ పెద్దసారు ఏమంటారు దీని గురించి?"

"ఆయనకేం మేడమ్, ప్రిన్సిపాల్ అయ్యారు. 'ఆ కంపెనీవాళ్ళకి మనమంటే చిన్నచూపమ్మా, మిగతాచోట్ల మీకు నేనే దిక్కు' అంటారు. అందుకని అందరం ఆయన చుట్టూనే తిరగాలి. ఆయన వ్యాసాలు మేం రాయాలి, ఆయన పేరు ముందు వెయ్యాలి. కాదంటే సిఫారసు ఉండదు."

చేదుకు ముఖం మీద కొట్టినట్టయింది. ఇన్నేళ్ళుగా తాను కొడుతున్న దెబ్బల్లో ఒక్కటంటే ఒక్కటి కూడా ఆయనకు తగల్లేదు. పైగా ఆ దెబ్బలన్నీ ఆయన కాళ్ళ దగ్గర మెట్లయ్యాయి. ఎక్కి కుర్చీలో కూర్చున్నాడు.

"నీ ప్రాజెక్టేమిటి?" అని అడిగింది.

అమ్మాయి కళ్ళు వెలిగాయి. వాళ్ళ తాతకు పక్షవాతం వచ్చి మింగడం పోయిందట. అలాంటివాళ్ళ కోసం, నాలుక మీద పెడితే కరిగిపోయే పొర తయారుచేసింది. మందు కలిపిన చిక్కటి ద్రావణాన్ని గాజు పలక మీద పలచగా పరిచి, ఆరనిచ్చి, పొరలా ఊడదీయాలి. చిన్న బుడగ ఉన్నా అక్కడ మందు తగ్గిపోతుంది. మరీ ఆరితే పలుకులుగా విరుగుతుంది, ఆరకపోతే సాగిపోతుంది. చెబుతున్నంతసేపూ ఆ పిల్ల వేళ్ళు గాలిలో కనబడని పొరను ఊడదీస్తూనే ఉన్నాయి.

"బాగుంది. మరి దీన్ని పంపలేదేం?"

"పంపారు మేడమ్, నా పేరు మీద కాదు. పెద్దసారు అబ్బాయి పేరు మీద వెళ్ళింది. ఈ ఏడు అతనూ మాతోనే చదువుతున్నాడు. నన్ను 'నీది నేను చూసుకుంటానమ్మా' అన్నారు."

ఆ మాట చేదు కూడా ఒకప్పుడు విన్నదే. తరువాత ఆ అమ్మాయికి టీ తెప్పించి, ఇంటికి పంపేసింది. "నిన్ను పిలుస్తాను. వచ్చేటప్పుడు కాగితాలేమీ అక్కర్లేదు. చేతులు తెచ్చుకో చాలు."

*

డైరెక్టర్లను ఒప్పించడం కష్టం కాలేదు. ఇక మీదట సిఫారసులు వద్దు. విద్యార్థి ఎవరైనా నేరుగా వచ్చి, తన ప్రాజెక్టును ఇక్కడి లాబులో తన చేత్తో చేసి చూపించాలి. అద్దం గోడ అవతల గదిలో గైడులూ డైరెక్టర్లూ కూర్చుని చూడవచ్చు. అందరికీ అది న్యాయంగానే తోచింది. న్యాయంగా ఉండటమే ఆమెకు అందులో బాగా నచ్చిన సంగతి. ఎవరూ వేలెత్తి చూపలేరు.

పెద్దసారుకు తానే ఫోన్ చేసింది.

"మీ అబ్బాయి ప్రాజెక్టు మాకు చాలా నచ్చింది సార్. మీరు కూడా తప్పకుండా రావాలి. మీరు లేకపోతే నిండుగా ఉండదు."

"అలాగేనమ్మా! నువ్వు మా కాలేజీయేనటగా, ఎవరో చెప్పారు. అంటే మా పిల్లవేనన్నమాట! ఎంత సంతోషంగా ఉందో."

ఆమె ఫోన్ పెట్టేసింది. నటిస్తున్నాడు ముసలాడు, అనుకుంది. నటించనీ.

ఆ రోజు అద్దం గోడ ఇవతల కుర్చీలు నిండిపోయాయి. చాలా కాలేజీల గైడులు వచ్చారు. పెద్దసారు ముందు వరసలో, అందరి భుజాలు తడుతూ, అందరినీ నాన్నా అమ్మా అని పలకరిస్తూ కూర్చున్నాడు. జుట్టు నెరిసింది కానీ నవ్వు అదే. లోపల రెండు బల్లల మీద ఒకే మందు, ఒకే పొడులు, ఒకేలాంటి గాజు పలకలు. ఒక బల్ల దగ్గర పెద్దసారు కొడుకు. రెండో బల్ల దగ్గరికి హెల్మెట్ అమ్మాయి రాగానే ఆయన నవ్వు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ సర్దుకుంది.

"ఈ అమ్మాయి కూడా మా లాబేనండీ. మా వాడికి సాయం చేసింది" అన్నాడు పక్కాయనతో.

"అవునా సార్? అయితే ఇద్దరూ చేసి చూపిస్తారు. ఇంకా మంచిది" అంది చేదు.

అమ్మాయి ద్రావణం కలిపి, మూతపెట్టి, చేతులు కట్టుకుని ఊరికే కూర్చుంది. అందులోని బుడగలు పైకి తేలి పగిలిపోయేదాకా ఆగాలి. పెద్దసారు కొడుకు ఆగలేదు. గబగబా కలిపి, నురుగుతోనే పలక మీద పోసేశాడు. దాన్ని పరిచే పట్టీని ఎటువైపు పట్టుకోవాలో తెలియక తిప్పి తిప్పి చూశాడు. పాపం, పట్టుబట్టి పెళ్ళిపీటల మీద కూర్చోబెట్టినవాడిలా ఉన్నాడు. నుదుటి మీద చెమట కళ్ళలోకి కారుతోంది. చేదు ఆ పిల్లాడిని చూడటం లేదు. అద్దంలో కనిపిస్తున్న పెద్దసారు ముఖాన్నే చూస్తోంది.

"కంగారు పడుతున్నాడండీ. లేకపోతే వీడు కళ్ళు మూసుకుని చేస్తాడు" అన్నాడాయన.

"గైడు పక్కనుంటే ధైర్యమొస్తుంది సార్. మీరు లోపలికి వెళ్ళి ఒకసారి చూపించండి, మాకేం అభ్యంతరం లేదు."

"నేనా? నేను బల్ల దగ్గర నిలబడి ఏళ్ళయిందమ్మా."

"అదేమిటి సార్, మొన్న అచ్చయిన మీ వ్యాసం ఇదే కదా. మొదటి పేరు మీదే. ప్రయోగమంతా స్వయంగా చేశారని అందులో రాశారు. మేమంతా చదివాం."

వెనక వరసలో ఎవరో కుర్చీ జరుపుకున్నారు. డైరెక్టరు ఒకాయన నిజంగానే ఆసక్తిగా, "అవునండీ, చూస్తే మాకూ బాగుంటుంది" అన్నాడు. ఇక తప్పలేదు. తెల్లకోటు తొడుక్కుని లోపలికి వెళ్ళాడు. కోటు గుండీలు ఒకటి ఎగువకు ఒకటి దిగువకు పెట్టుకున్నాడు. గాజు పలకను కడిగి మళ్ళీ ద్రావణం పోశాడు. అది బల్ల అంచు మీద నుంచి ఆయన బూట్ల మీదకు కారింది. పట్టీ లాగాడు. పలక మీద దువ్వెనతో దువ్వినట్టు చారలు పడ్డాయి. ఇంకోసారి లాగాడు. ఇంకా పెద్ద చారలు.

లోపలి మైకు పనిచేస్తోందని ఆయనకు తెలియదు. విద్యార్థులు మాట్లాడింది ఇవతల వినబడాలని పెట్టిన మైకు అది. చేదు దాన్ని కావాలనే ఆపలేదు.

"నాన్నా, ఇక చాలు" అన్నాడు కొడుకు. ఆ మాట ఇవతల గదిలో స్పష్టంగా వినిపించింది. "ఇది నేను చెయ్యలేదని నీకు తెలుసు కదా. ఆ అమ్మాయి చేసింది. నాకు రాదని నేను ముందే చెప్పాను. నువ్వే వినలేదు."

"నోరు ముయ్యరా వెధవా! ఇన్నేళ్ళుగా ఎంతమందివి తెచ్చి సర్దాను, ఎవడైనా ఇలా నోరు జారాడా?"

పెద్దసారు తలెత్తి అద్దం వైపు చూశాడు. ఇవతల ఎవరూ కదలడం లేదు, అందరూ తననే చూస్తున్నారు. గోడ మీది మైకు పక్కన వెలుగుతున్న ఎర్రదీపం అప్పుడు కనిపించింది ఆయనకు. నవ్వు ఊడిపోయింది. దాని కింద ఉన్న ముఖం పిండిలా పాలిపోయి, వేరెవరిదో ముఖంలా ఉంది. చేదు ముందుకు వంగి, కళ్ళారా చూసింది. ఒక్క రెప్ప కూడా వేయలేదు.

పక్క బల్ల దగ్గర అమ్మాయి ఇదేదీ పట్టనట్టు తన పొరను పరిచి, ఆరబెట్టింది. భోజనాల తరువాత దాన్ని ఒక మూల నుంచి గోటితో లేపి, మెల్లగా, చివరిదాకా ఎక్కడా చిరగకుండా ఊడదీసింది. కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే అవతలి చెట్లు కనబడ్డాయి.

*

విశ్వవిద్యాలయం విచారణ వేసింది. మొదట ఒకరు, తరువాత ఇద్దరు, ఆ తరువాత పాత విద్యార్థులు గుంపుగా వచ్చి సాక్ష్యం చెప్పారు. పెద్దసారు ప్రిన్సిపాల్ కుర్చీ పోయింది, గైడుగా ఉండే అర్హత కూడా తీసేశారు. అన్నయ్య పేపర్లో వార్త చదివి ఫోన్ చేశాడు. "ఇప్పటికైనా చల్లబడ్డావా?" అన్నాడు. "ఇంకా లేదు" అంది.

ఒక మధ్యాహ్నం ఆయనే వచ్చాడు. రిసెప్షన్ నుంచి ఫోన్ వస్తే లోపలికి పంపమంది. ఆ క్షణం కోసమే ఇన్నేళ్ళు బతికినట్టు అనిపించింది. ఏం అనాలో మనసులో ఎన్నోసార్లు అనుకుని ఉంది.

పెద్దసారు ఎదుటి కుర్చీలో కూర్చున్నాడు. చొక్కా నలిగిపోయి ఉంది.

"ఒక్కటి అడిగి పోదామని వచ్చానమ్మా. మైకు నువ్వు కావాలనే ఉంచావని మావాడు అంటున్నాడు. నీకు నేనేం అపకారం చేశాను?"

"మీకు తెలీదా?"

"తెలిస్తే అడుగుతానా? నువ్వు ఏ బ్యాచ్ తల్లీ?"

ఆమె చెప్పింది. మూర్ఛ మందు, పూత, సెమినార్ హాలు, తెర మీది ఫొటో, అన్నీ చెప్పింది. ఆయన నుదురు చిట్లించుకుని శ్రద్ధగా విన్నాడు.

"మూర్ఛ మందు... అది మా మేనల్లుడి ప్రాజెక్టు కదమ్మా. బాగా చేశాడు వాడు."

ఆమె ఆయన కళ్ళలోకి చూసింది. అబద్ధమాడటం లేదు. అదే భయంకరంగా ఉంది. తన జీవితంలో ఇన్నేళ్ళు నిప్పులా మండినది ఆయన బుర్రలో ఒక పూట కూడా నిలవలేదు. అనాలని దాచుకున్న మాటలన్నీ చప్పబడిపోయాయి.

"వెళ్ళండి సార్" అంది.

"మా అబ్బాయికైనా ఏదో ఒకటి..."

"అతన్నే రమ్మనండి. ఒక్కడినే. నేర్చుకుంటానంటే మొదట్నుంచి నేర్పిస్తాం. మీరు మాత్రం ఇంకెప్పుడూ ఈ గేటు దాటకండి."

ఆయన లేచి, గుమ్మం దగ్గర అలవాటు కొద్దీ, "వస్తానమ్మా" అన్నాడు. ఆమె తలుపు వేసేసింది. క్షమించలేదు. క్షమించాలని కూడా అనిపించలేదు.

హెల్మెట్ అమ్మాయి కేంద్రంలో చేరింది. వారం తిరగకముందే చేదు ఆమెను పిలిచి, "మీ అక్కను రమ్మను. ఆ ప్రాజెక్టు నేను చదువుతాను" అంది.

"చెప్పాను మేడమ్. రానంది."

"ఏమంది?"

"మీకు చెప్పలేను."

అందుకని తనే వెళ్ళింది. బస్‌స్టాండు ఎదుట సన్నటి మందుల షాపు. కౌంటరు వెనక ఆ అక్క చకచకా అరల్లోంచి మందులు తీస్తోంది, వాడే విధానం చెబుతోంది, డాక్టరు చీటీలో రెండు మందులు ఒకదానికొకటి పడవని ఒక పెద్దాయనను వెనక్కి పంపుతోంది. చేదు వరసలో నిలబడింది. తన వంతు వచ్చింది.

"నేను ఎవరంటే..."

"తెలుసు. మీ ఫొటో చూశాను." ఆ పిల్ల గొంతు మామూలుగానే ఉంది, చేతులు మాత్రం ఆగాయి. "పెద్దసారును భలే దించారట. చెల్లి చెప్పింది. సంతోషమే. కానీ ఆయన నా ప్రాజెక్టు జోలికి రాలేదండీ. నన్ను ఆపింది మీరు."

"తప్పు చేశాను. సరిదిద్దుకోవడానికే వచ్చాను. సీటు ఉంది, వచ్చి చేరు."

"మీరిచ్చే సీటు నాకు అక్కర్లేదు. వేరేచోట పరీక్ష రాశాను. వస్తే అక్కడ చేరతాను, రాకపోతే మళ్ళీ రాస్తాను. ఏదో ఒక రోజు మీరు కూర్చున్నలాంటి కుర్చీలో నేనూ కూర్చుంటాను. ఆ రోజు మీకు నాతో పనిపడాలని రోజూ కోరుకుంటున్నాను."

వెనక నిలబడ్డావిడ, "అమ్మా, కొంచెం తొందరగా" అంది.

చేదు పక్కకు తప్పుకోలేదు. ఆ పిల్ల కళ్ళలోని మంటను చూస్తూ నిలబడింది. అంత మంటను తన అద్దంలో తప్ప ఇంకెక్కడా చూడలేదు. జాలిపడమని అడగాలనిపించలేదు, వద్దని బతిమాలాలనీ అనిపించలేదు. ఈ పిల్ల మర్చిపోదు. బ్యాచ్ అడగదు.

"కోరుకో. కానీ కొట్టేటప్పుడు నన్నే కొట్టు. నా దగ్గర నేర్చుకునే పిల్లల్ని కాదు" అంది.

అక్క తలెత్తి మొదటిసారి ఆమెను నిదానంగా చూసింది. తరువాత ఆమె భుజం మీదుగా వెనకావిడ వైపు చేయి చాచింది.

"మీ చీటీ ఇవ్వండమ్మా."